మనోడే, వొగ్గీ!

నేను తలుపులు బిగిస్తాను. వడ్రంగిని కాను. కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు నావి. పద్ధెనిమిదేళ్ళుగా విజయనగరంలో, విశాఖలో, మధ్యదారిలో ఉన్న ఫ్యాక్టరీల్లో ఇదే పని. గోడకి రీడరు, తలుపు నెత్తిన ఆరొందల పౌండ్ల పట్టున్న మాగ్నెట్ లాకు, లోపలివైపు ఎగ్జిట్ స్విచ్చి, పైన డోర్ క్లోజరు, కరెంటు పోతే ఆదుకోడానికి చిన్న బ్యాటరీ. అన్నీ బిగించి, కార్డులు ఎక్కించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చేస్తాను. నెల తిరక్కుండా ఫోనొస్తుంది, తలుపు పనిచెయ్యడం లేదని. వెళ్ళి చూస్తే లాకు నిక్షేపంలా ఉంటుంది. తలుపు సందులో ఇటుకముక్క ఉంటుంది.

ఇటుక దొరకనిచోట మడిచిన అట్టముక్క. ఒక ఆఫీసులో అయితే ఎర్రటి ఫైర్ సిలిండరునే తలుపుకి అడ్డం పెట్టారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఇటుక పెట్టినవాడెవడో కనుక్కోవడం అలవాటు చేసుకున్నాను. పదింట ఎనిమిదిసార్లు టీ తెచ్చే కుర్రాడి కోసం పెట్టిందే. వాడి ఒక చేతిలో ఫ్లాస్కు, రెండో చేతిలో గ్లాసుల స్టాండు. వాడికి కార్డు లేదు, ఎందుకంటే వాడు కంపెనీ మనిషి కాదు. రోజుకి నాలుగుసార్లు లేచి తలుపు తియ్యడం ఎవరికైనా విసుగే. దాంతో ఇటుక. లక్షా ఇరవై వేలు పెట్టి బిగించిన తలుపుని రోజుకి నాలుగు టీలు ఓడించాయి. తప్పు కుర్రాడిదీ కాదు, ఇటుకదీ కాదు. ఆ తలుపు గీసినవాడు టీ సంగతి ఆలోచించలేదు. ఆ గీసినవాణ్ణి నేనే.

ఈ గొడవంతా ఎందుకంటే భోగాపురం వల్ల. మా జిల్లాలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా అక్కడి కొత్త ఎయిర్‌పోర్టు మాటే. రెండువేల రెండొందల ఎకరాల పైన స్థలం, 3.8 కిలోమీటర్ల రన్‌వే, 2026 జనవరి 4న దిగిన ట్రయల్ విమానం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, సంతోషం. కాకపోతే నా వృత్తివాడికి ఆ పేరు చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లలోకి వరసపెట్టి నడిచి వెళ్ళి తుపాకులు పట్టుకుపోయిన మనిషి ఆయన. ఆ పేరున్న గేటుకి కాపలా కాయడం మాటలు కాదు.

టీకొట్టు కబుర్లలో భద్రత అనగానే మూడే వినిపిస్తాయి. ఎత్తైన గోడ, వందల కెమెరాలు, మొహం చూసి తెరుచుకునే గేటు. మొహం చూసే గేటు, అదే డిజియాత్ర, 2024లో విశాఖలోనూ వచ్చింది. నేనూ వాడాను, బాగుంది. అయితే అది ప్రయాణికుడి సౌకర్యం. బెల్టు విప్పించడం, నీళ్ళసీసా పారేయించడం, లాప్‌టాప్ ట్రేలో పెట్టించడం, ఇవన్నీ ఆ ఒక్క రోజు వచ్చిపోయే మనిషి కోసం. రోజూ వచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. బ్యాగులు ఎత్తేవాళ్ళు, ఇంధనం నింపేవాళ్ళు, మరుగుదొడ్లు కడిగేవాళ్ళు, ఇడ్లీలు వండేవాళ్ళు, ఏసీ రిపేరుకి వచ్చే నాలాంటివాళ్ళు. వీళ్ళ గేటు వెనకవైపు ఉంటుంది. దాన్ని ఎవరూ ఫొటో తియ్యరు. నా భయమల్లా ఆ గేటు గురించే.

మన దగ్గరే జరిగింది గుర్తు చేసుకోండి. 2018 అక్టోబరు 25, విశాఖ విమానాశ్రయం, వీఐపీ లాంజి. అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్ రెడ్డి హైదరాబాద్ విమానం కోసం కూర్చుని ఉన్నారు. ఎయిర్‌పోర్టులోని రెస్టారెంటులో పనిచేసే కుర్రాడు సెల్ఫీ అడుగుతూ దగ్గరికొచ్చి, పందేలకి కోడికాలికి కట్టే చిన్న కత్తితో పొడిచాడు. చేతికి గాయమైంది. మర్నాటి నుంచి రాష్ట్రమంతా ఎవరు చేయించారన్న మాటే. జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ దాకా వెళ్ళింది కేసు. ఆ సంగతి తేల్చాల్సింది కోర్టులు, నేను అందులో వేలు పెట్టను. నేను చూసేది మనిషి అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది. గోడ దూకలేదు, దొంగ టికెట్టు కొనలేదు. రోజూ పనికొచ్చే దారినే వచ్చాడు. లాంజిలో అతని మొహం అందరికీ తెలిసిన మొహం. పైగా అది నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఆవరణ. చుట్టూ సైనిక కాపలా ఉన్న చోటు. ఇంతకంటే గట్టి గోడ ఎక్కడ కడతాం?

ఇంకో ముఖ్యమైన సంగతి. టెర్మినల్ లోపల వంటగదులుంటాయి, వంటగదుల్లో కత్తులుంటాయి. మీ బ్యాగులోంచి గోళ్ళు తీసుకునే కత్తెర లాగేసుకుని, పది అడుగుల అవతల ఉల్లిపాయలు తరిగే చాకు వదిలేస్తే లాభమేముంది? అందుకే కొన్ని దేశాల్లో ఆ కత్తుల్ని గొలుసుతో బల్లకి కట్టేస్తారు, షిఫ్టు మారినప్పుడల్లా లెక్క చూసుకుంటారు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. గొలుసూ, నోటుపుస్తకమూ చాలు. కానీ ఆ నోటుపుస్తకం రోజూ రాసేవాడు కావాలి, రాయనిరోజు అడిగేవాడు కావాలి. అక్కడే మనం జారిపోతాం.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన మా ఊరి పక్కన ఒక మిల్లులో గేటు కాపలా. గోగునార లారీలొచ్చే గేటు. కార్మికులందరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలుండేవి. కూత వెయ్యగానే బిళ్ళ చూపించి లోపలికి పోవాలి. కొన్నాళ్ళకి మిల్లు కొంతమందిని తీసేసింది. లెక్క కట్టి డబ్బిచ్చారు గానీ బిళ్ళలు వెనక్కి తీసుకోలేదు. టైం ఆఫీసువాళ్ళు అది గేటువాళ్ళ పనన్నారు, గేటువాళ్ళు టైం ఆఫీసు పనన్నారు. తీసేసినవాళ్ళలో ఒకడు రెండు నెలలపాటు రాత్రి షిఫ్టుకి అందరితోపాటూ బిళ్ళ చూపించి వచ్చి, ఇత్తడి బేరింగులు నడుముకి కట్టుకుని పోయాడు. దొరికాక ఎవరిమీద పడ్డారో చెప్పక్కర్లేదు. 'నీ ఎదరనించే ఎల్లాడు గదా, ఏటి సూస్తన్నావు?' అన్నారట. నాన్న చూస్తూనే ఉన్నాడు. బిళ్ళ నిజమైన బిళ్ళే, మనిషి తెలిసిన మనిషే.

చాలా ఏళ్ళ తర్వాత అమెరికాలో జరిగిన ఒక ప్రమాదం గురించి చదువుతుంటే నాకు ఆ బిళ్ళే గుర్తొచ్చింది. 1987 డిసెంబరు 7. లాస్ ఏంజెలిస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్ళే పీఎస్ఏ కంపెనీ 1771 విమానం. ఉద్యోగంలోంచి తీసేసిన ఒక ఉద్యోగి, తనని తీసేసిన అధికారి అదే విమానంలో వెళ్తున్నాడని తెలిసి ఎక్కాడు. అతని గుర్తింపు కార్డు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కార్డు చూపించి, తనిఖీ తప్పించుకుని, తుపాకీతో లోపలికి పోయాడు. గాల్లో కాల్పులు, ఆపైన విమానం కొండమీద కూలిపోయింది. 43 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. ఉద్యోగం పోయిన రోజునే కార్డు లాక్కోవాలనీ, విమాన సిబ్బందైనా సరే అందరిలాగే తనిఖీకి నిలబడాలనీ అక్కడ నియమాలొచ్చింది ఆ 43 ప్రాణాల తర్వాతే. మన దగ్గర కూడా కథ ఇదే దారి. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ అయ్యాక 1978లో పౌర విమాన భద్రతా విభాగం పుట్టింది. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలిపోయాక, 1987లో అది సొంత శాఖ అయింది. 1999లో కాందహార్ హైజాక్ అయ్యాక 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్‌కి విమానాశ్రయాలు అప్పగించారు. దెబ్బ తగిలిన చోటే కట్టు కడుతూ వచ్చాం.

కాగితం మీద ఇప్పుడు మన ఏర్పాటు బాగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఎయిర్‌పోర్టులో పనిచేసే ప్రతివాడికీ ప్రవేశ అనుమతి కార్డు, దానికి ముందు పోలీసు విచారణ, కార్డు మీద జోన్ల అక్షరాలు, వేలిముద్ర. ఏ అక్షరం ఉంటే ఆ జోన్‌లోకే. చిక్కంతా కాగితం దిగి గేటు దగ్గరికొచ్చాక.

వేలిముద్రనే తీసుకోండి. పలాస జీడి బట్టీల్లో పనిచేసిన ఆడవాళ్ళ వేళ్ళు ఎప్పుడైనా చూశారా? జీడి జిగురు తగిలి తగిలి చర్మం ఊడిపోయి ఉంటుంది. రేషన్ డిపోలో వేలిముద్ర పడక వాళ్ళు పడే పాట్లు మా వైపు అందరికీ తెలుసు. మట్టిపని, సిమెంటుపని చేసే చేతులదీ అదే గతి. రేపు విమానాశ్రయంలో ఊడ్చే పనికీ మోసే పనికీ వెళ్ళేవి ఎక్కువగా ఈ చేతులే. తెల్లారి అయిదింటి షిఫ్టు, వెనకాల వందమంది క్యూ, ముందు నిలబడిన అప్పలమ్మ వేలు మూడుసార్లు పెట్టినా మెషీన్ ఎర్రదీపమే చూపిస్తుంది. గార్డు ఏం చేస్తాడు? 'ఎల్లమ్మా, ఎల్లు' అంటాడు. నేనైనా అదే అంటాను. ఆ క్షణంలో ఆ గేటు తెరిచింది మెషీన్ కాదు, జాలి. రేపు అదే జాలి ఇంకెవడో వాడుకుంటాడు. కాబట్టి వేలు పడనివాళ్ళకి మొహమో, కన్నో, ఇంకేదో రెండో దారి మొదటి రోజే ఉండాలి. అందరికీ సరిపోయే మెషీన్ పెట్టలేనివాడు గార్డు మీద కోప్పడకూడదు.

మా మేనల్లుడు ఒక ఎయిర్‌పోర్టులో బ్యాగులు లోడ్ చేస్తాడు, కాంట్రాక్టు మీద. ఏ ఎయిర్‌పోర్టో చెప్పను, వాడి పొట్ట కొట్టినవాణ్ణవుతాను. వాడు చెప్పిన సంగతొకటి నాకు నిద్ర పట్టనివ్వలేదు. కొత్తగా చేరిన కుర్రాడి కార్డు రావడానికి వారాలు పట్టిందట. ఈలోగా పని ఆగదు కదా. సూపర్‌వైజరు ముందు నడిచి కార్డు పెడతాడు, తలుపు తెరుచుకుంటుంది, కుర్రాడు వెనకే దూరిపోతాడు. మూడోరోజు నుంచి గార్డుకీ వాడు తెలిసిపోయాడు. 'మనోడే, వొగ్గీ', అంటే మనవాడే వదిలెయ్, అన్నాక ఇక అడిగేదేముంది?

ఆ రెండు మాటల్లో ఉన్న తీపి నాకు తెలుసు. మా ఉత్తరాంధ్రలో మనిషిని మనిషి నిలబెట్టుకునేది ఆ మాటతోనే. పెళ్ళిపందిట్లో పిలవనివాడొచ్చినా విస్తరేస్తాం. వెనకాల మనిషి వస్తుంటే మొహం మీద తలుపు మూసెయ్యడం మనకి చేతకాదు. అందుకని వెనకాల దూరొద్దని గోడకి బోర్డు పెడితే లాభం లేదు. నా అనుభవంలో పనిచేసేది ఒక్కటే. ఒక మనిషి మాత్రమే పట్టే చిన్న గది, దానికి రెండు తలుపులు, వెనకది మూసుకుంటేనే ముందుది తెరుచుకోవాలి. దాంతోపాటు లోపలికి వెళ్ళిన కార్డు బయటికొచ్చేదాకా మళ్ళీ లోపలికి పనిచెయ్యకూడదు, అప్పుడు ఒక కార్డు మీద ఇద్దరు తిరగలేరు. ఇలా చేస్తే గార్డు మొహమాటపడే అవసరమే రాదు. 'నాదేం లేదు బావూ, మెషీన్ ఒప్పుకోదు' అనగలుగుతాడు. మనుషుల మంచితనంతో పోట్లాడే తలుపు ఓడిపోతుంది. ఆ మంచితనానికి ఒక సాకు దొరకాలి.

దీనికి నా స్నేహితుడి అభ్యంతరం ఉంది. విశాఖలో కార్గోలో పనిచేసి రిటైరయ్యాడు. 'నువ్వు చెప్పినట్టు ఒక్కొక్కణ్ణీ వడకడితే మొదటి విమానం మధ్యాన్నానికి లేస్తుంది' అన్నాడు. నిజమే. అయితే దానికి జవాబు వడకట్టడం మానెయ్యడం కాదు, గేట్లు పెంచడం. ప్రయాణికుల వైపు ఎన్ని వరసలుండాలో లెక్కలు కట్టి మరీ కడతారు. సిబ్బంది వైపుకొచ్చేసరికి ఒక గది, ఒక మెషీన్, ఒక కుర్చీ. క్యూ ఎక్కడ పొడుగవుతుందో అక్కడ ఇటుక పుడుతుంది.

గోడ గురించి కూడా రెండు మాటలు. అక్కర్లేదని నేననను. 2014 నవంబరులో సూరత్‌లో టేకాఫ్ తీసుకుంటున్న స్పైస్‌జెట్ విమానం గేదెని గుద్దింది. 2013 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో ఎనిమిదిమంది కంచె కత్తిరించి, పోలీసు బళ్ళలాంటి రెండు బళ్ళలో నేరుగా విమానం దగ్గరికి పోయి, దాదాపు అయిదు కోట్ల డాలర్ల వజ్రాలు ఎత్తుకుపోయారు. 2025 సెప్టెంబరులో పదమూడేళ్ళ పిల్లాడు కాబూల్లో విమానం చక్రాల గూట్లో దూరి ఢిల్లీలో ప్రాణాలతో దిగాడు. భోగాపురంలో నేను ముందుగా చూసేది గోడ పైభాగం కాదు, అడుగు. వానాకాలం గెడ్డలు పొంగితే నీళ్ళు ఎక్కడో గోడ కింద తూముల్లోంచి పోవాలి. ఊరకుక్కలూ నక్కలూ వచ్చేది ఆ దారినే. తూముకి ఇనప ఊచలు పెడితే చెత్త అడ్డంపడి నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నిలిస్తే ఎవడో ఒకడు ఊచ తీసేస్తాడు. ఇక్కడా ఇటుక కథే.

గోడ బయట ఉండేది ఎవరో కూడా ఆలోచించాలి. మరడపాలెం, బొల్లింకలపాలెంలాంటి ఊళ్ళు ఉన్నచోటునుంచి లేచి వేరేచోట కొత్త ఇళ్ళలోకి వెళ్ళాయి. సముద్రం వైపు ముక్కాం, చేపలకంచేరు బెస్తవాళ్ళు. జీడితోటలు, కొబ్బరితోటలు, సరుగుడు తోపులు. తాడిచెట్టెక్కిన గీతకార్మికుడికి కనిపించినంత ఏ కెమెరాకీ కనిపించదు. ఈ మనుషుల్ని అనుమానంగా చూసే కాపలా ఒకటి, కొత్తమొహం కనిపిస్తే ఫలానా నంబరుకి చెప్పు అని చెప్పి, చెప్పినప్పుడు విసుక్కోకుండా వినే కాపలా మరొకటి. రెండోది చవక. కానీ దానికి ముందు భూములిచ్చినవాళ్ళకి చెప్పిన మాట నిలబెట్టుకుని ఉండాలి. మనసు విరిగినవాడు ఫోన్ చెయ్యడు.

ఇంత చెప్పినా, కార్డూ నిజమైనదై, విచారణా సరిగ్గా జరిగి, మనిషీ మంచివాడే అయినా ఏదైనా జరగొచ్చు. 2018 ఆగస్టు 10న సియాటెల్‌లో బ్యాగుల పనిచేసే కుర్రాడు ఖాళీగా ఉన్న క్యూ400 విమానాన్ని తనే లాగి, తనే ఎక్కి, ఎగరేసుకుపోయాడు. గంట పైన ఆకాశంలో తిరిగి ఒక చిన్న దీవిలో కూలి చనిపోయాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. దొంగతనంగా చొరబడిన దాఖలా ఒక్కటీ లేదు. అన్ని తలుపులూ అతనికి హక్కుగా తెరుచుకున్నాయి. కంట్రోల్ టవర్‌తో మాట్లాడుతూ తన జీతం గురించి కూడా గొణిగాడు. ఏ రీడరూ మనిషి లోపల ఏముందో చదవదు. పక్కన పనిచేసేవాడు చదువుతాడు, వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తే. ఆర్నెల్లకోసారి కాంట్రాక్టరు మారి, మనుషులు మారిపోయేచోట ఎవడి మొహం వాడిదే. తక్కువ కోట్ చేసినవాడికి కాంట్రాక్టిచ్చి మిగిల్చిన డబ్బు మళ్ళీ నాలాంటివాడికి కెమెరాలకి కట్టడం నాకు లాభమే గానీ, తెలివైన బేరం కాదు.

మళ్ళీ నాన్న దగ్గరికి. బేరింగుల దొంగ దొరికాక ఆయన గేటు దగ్గర చాలా గట్టిగా ఉండేవాడు. ఒకరోజు మిల్లు పెద్దాయన బావమరిది కారులో వచ్చాడు. పాసు లేదు. నాన్న ఆపాడు. 'నేనెవరో తెలుసా?' 'తెలుసు బాబూ, పాసు రాయించుకోండి.' పది నిమిషాలు ఆగాడాయన. ఆ వారమే నాన్నని గేటు నుంచి తీసేసి వెనకవైపు గోడౌను కాపలాకి వేశారు. మూడు నెలలు. ఆ మూడు నెలలూ గేటు దగ్గరున్న కొత్తమనిషి ఏ కారునీ ఆపలేదు. ఎందుకు ఆపుతాడు, చూశాడు కదా.

అందుకే ఎవరైనా వచ్చి భోగాపురంలో ఏ మెషీన్ పెడితే బాగుంటుందని అడిగితే, ముందు ఒకటి రాతపూర్వకంగా కావాలంటాను. కార్డు లేనివాణ్ణి ఆపినందుకు, వాడు ఎవరి బావమరిదైనా సరే, గార్డుని ఆ పోస్టు నుంచి కదపకూడదు. ఆపిన ప్రతిసారీ రిజిస్టరులో పడాలి. ఎమ్మెల్యేగారి అనుచరుడైనా, ఎయిర్‌పోర్టు మేనేజరైనా, లాకు బాగుచెయ్యడానికి వచ్చిన నేనైనా. పెద్దవాళ్ళు వారానికోసారి కార్డు లేకుండా గేటు దగ్గరికొచ్చి, తమని ఆపారో లేదో చూసుకోవాలి. ఆపినవాడికి అందరి ఎదటా చెయ్యి కలపాలి. మిగతావన్నీ, రెండు తలుపుల గదులూ, మొహం చదివే కెమెరాలూ, నేను బిగిస్తాను. అది కష్టమైన పని కాదు.

నిన్న సాయంత్రం ఇదంతా రాస్తూ కూర్చుంటే పక్కింటి సూరమ్మత్త వచ్చింది. 'ఏరా, నీకు ఎయిర్‌పోర్టులో లోపల తెలిసినోళ్ళున్నారంట గదా. మా గుంటల్ని ఓపాలి లోపలికి తీసికెల్లి విమానం సూపించవా?' అంది. అలా కుదరదత్తా అని చెప్పబోయాను. పిల్లలిద్దరూ ఆవిడ కొంగు పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నారు. ఫోన్ తీసి, అక్కడ వైరింగ్ పనిచేస్తున్న మన కుర్రాడి నంబరు ఏ పేరుతో సేవ్ చేశానో వెతకడం మొదలుపెట్టాను.